నల్లప్ప చూసిన నెలవంక

గుండ్లమిట్టలో నల్లప్పను అందరూ లాయర్ నల్లప్ప అంటారు. అతను చదివింది ఏడో తరగతి. ఉన్నది తొమ్మిదెకరాల మెట్ట. కోర్టు మెట్లు ఎక్కింది జీవితంలో ఒక్కసారి, అదీ నా పోరు పడలేక. అయినా ఆ ఊళ్ళో గట్టు తగాదా వచ్చినా, మొగుడూ పెళ్ళాలు విడిపోతామన్నా, కౌలుదారు చేను వదలనన్నా ముందు నల్లప్ప అరుగు దగ్గరికే వెళ్ళేవారు. అతను చేతిలో ఫోను పక్కన పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పేవాడు.

"పన్నెండేండ్లు దున్నినోనిదే చేను. ఇంక దాంట్లో మాట్లాడేది ఏమీ లేదు."

మరో రోజు, "తెల్లకాగితం మీద రాసుకోని ఇద్దరూ సంతకం పెడితే విడాకులు అయిపోయినట్టే. కోర్టు యాల?"

రెండూ తప్పే. రెండో మాట నమ్మి ఒకడు ఇంకో పెళ్ళి చేసుకుని మొదటి భార్య పెట్టిన కేసులో ఇప్పటికీ తిరుగుతున్నాడు. అయినా నల్లప్ప పరువు తగ్గలేదు. వాడు కాగితం సరిగ్గా రాయలేదన్నారు, అంతే.

ఈ న్యాయశాస్త్రమంతా అతనికి టీవీలో, ఫోనులో దొరికింది. సాయంత్రం నేరాల కార్యక్రమం, భోజనం దగ్గర కోర్టు సీరియల్, మిగతా పొద్దంతా ఫోనులో ఎవరో ఒకరు మైకు పట్టుకుని అరుస్తుంటే వినడం. వాన పడని ఊళ్ళో మనిషికి తీరిక ఎక్కువ. ఆ తీరికంతా అతను నేరాలకే ఇచ్చాడు. ఎక్కడో హత్య జరిగితే పోలీసుల కంటే ముందు ఇతనే హంతకుణ్ణి పట్టేసేవాడు. మెత్తగా మాట్లాడేవాడి మీదే అతనికి ముందు అనుమానం.

నేనెవరో చెప్పాలి కదా. నా పేరు రామాంజనేయులు. హెడ్ కానిస్టేబుల్‌గా ఈ మధ్యే రిటైరయ్యాను. ఏ స్టేషనో చెప్పను, అడక్కండి. ఆఖరి ఏడేళ్ళు నా పని కోర్టు కాగితాలు పంచడం. ఫలానా తేదీన కోర్టుకు రమ్మని పిలిచే కాగితాన్ని సమన్లు అంటారు. ముద్దాయికైనా, సాక్షికైనా అది చేతికిచ్చి, రెండో ప్రతి మీద సంతకం తీసుకుని రావాలి. వినడానికి పోస్టుమాన్ పనిలా ఉంటుంది. కానీ పోస్టుమాన్‌ను చూసి ఎవరూ చేతులు వెనక్కి పెట్టుకోరు.

మా మెట్ట ఊళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయింది. సమన్లు చేత్తో పట్టుకుంటేనే కేసు మొదలవుతుందని, పట్టుకోకపోతే కాగితం తిరిగిపోయి కోర్టులోనే చచ్చిపోతుందని. అందుకని నన్ను చూడగానే మగవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుంటారు. ఆడవాళ్ళు గబగబా పిండిలో చేతులు పెట్టి, "చెయ్యి ఖాళీ లేదన్నా" అంటారు. ఒకాయన చెయ్యి విరిగిందని గుడ్డ కట్టుకుని వచ్చాడు. గుడ్డ కట్టింది ఏ చేతికో మరిచిపోయి మరో చెయ్యి ఊపుతూ మాట్లాడాడు. నవ్వుతారు గానీ ఈ వెర్రి వల్ల చెప్పుకోవాల్సిన మాట చెప్పుకోకుండానే చేలు పోగొట్టుకున్నవాళ్ళను పదిమందిని చూశాను.

ముప్ఫై నాలుగేళ్ళు ఈ ఉద్యోగం చేసినవాడికి ఎవరి మీదా నమ్మకం ఉండదు. నాకూ లేదు. సంతకం పెట్టనన్నవాడు ఎందుకు పెట్టనన్నాడో, గబుక్కున పెట్టినవాడు ఎందుకు పెట్టాడో ఆలోచించుకుంటూ బండి నడిపేవాణ్ణి. నల్లప్పకు నామీద అనుమానం, నాకు నల్లప్ప మీద అనుమానం. మధ్యలో నలిగింది తిప్పయ్య.

తిప్పయ్య గొర్రెల కాపరి. నూట ఇరవై జీవాలుండేవి. ఎండాకాలం చేలు ఖాళీగా ఉన్నప్పుడు కాపరులు ఊరూరా తిరుగుతూ రైతుల చేలల్లో మంద పెడతారు. రాత్రంతా గొర్రెలు చేనులో పడుకుంటే ఎరువు పడుతుంది. అందుకు రైతు కాపరికి గింజలిస్తాడు, మంద ఉన్నన్నాళ్ళు సాయంత్రం సంకటి తనే తెచ్చిపెడతాడు. పోయిన ఏడాది ఉగాదికి తిప్పయ్య మంద నల్లప్ప చేనులో ఉంది.

ఉగాది మరుసటి రోజు పొద్దుగూకే వేళకు మావైపు ఊరంతా బయటికొచ్చి పడమటి దిక్కు నెలవంక కోసం చూస్తుంది. చంద్రుణ్ణి చూసి, దండం పెట్టుకుని, పెద్దల కాళ్ళకు మొక్కుతారు. ఆ నెలవంక ఎక్కువసేపు ఉండదు. మబ్బు సందులో కనిపించి అరగంటలో కొండ వెనక్కి దిగిపోతుంది. సరిగ్గా ఆ అరగంటలో, గుండ్లమిట్టకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, చింతర్లపల్లిలో హనుమక్క అనే ముసలామె ఇంట్లో దొంగ పడ్డాడు. రాయదుర్గం నుంచి వచ్చే జీన్సు ప్యాంట్లకు మిగులు దారాలు కత్తిరించి బతికే మనిషి ఆమె. మోకాళ్ళ నొప్పులని చంద్రుణ్ణి చూడటానికి వెళ్ళలేదు. వచ్చినవాడు ఆమెను తోసి చెవుల కమ్మలు లాక్కుపోయాడు. తుంటి విరిగింది. ముఖం చూశావా అంటే, "చీకట్లో యాడ కనపడ్తాదప్పా, కంబళి కప్పుకోనుండాడు" అంది.

కంబళి అంటే గొర్రెల కాపరి. ఇదే మా పరిశోధన. నాలుగో రోజు చింతర్లపల్లి దారిలో మంద తోలుకుపోతున్న తిప్పయ్యను పట్టుకొచ్చారు. దగ్గర కంబళి ఉంది, చెట్ల కొమ్మలు వంచి కోసే పొడుగు కర్ర కొడవలి ఉంది. కమ్మలు మాత్రం లేవు, ఇప్పటికీ దొరకలేదు. రెండు రోజులకు నేరం ఒప్పుకున్నాడని రాశారు. ఎలా ఒప్పుకున్నాడని మీరడిగితే నేను చెప్పను. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదని మాత్రం చెప్తాను. ఇది పోలీసులందరికీ తెలుసు. జనానికే తెలీదు. జనానికి తెలిసింది మైకు తీసుకుని వచ్చిన ఛానలాయన చెప్పిందే.

ఆయన వచ్చిన రోజు నేను స్టేషన్‌లోనే ఉన్నాను. తిప్పయ్య ముఖానికి తువ్వాలు చుట్టి నిలబెట్టారు. "ఆయుధం చూపించండి సార్" అన్నాడు ఛానలాయన. మా పైఅధికారి నావైపు చూశాడు. నేను కొడవలి తీసుకుని కెమెరా ముందు ఎత్తి పట్టుకున్నాను. రోజూ జీవాలకు కొమ్మలు దించే కొడవలి అని నాకు తెలుసు. తెలిసే ఎత్తాను. వీడియోలో నా ముఖం పడలేదు. మోచేతి దాకా చెయ్యి, చెయ్యి మీద చిన్నప్పుడు జాతరలో పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు పడ్డాయి. కింద పెద్ద అక్షరాలతో 'కంబళి ముఠా గుట్టు రట్టు' అని వేశారు. ఒక్క మనిషి ముఠా ఎలా అయ్యాడో ఆ ఛానలాయనకే తెలియాలి. రెండు లక్షల మంది చూశారు.

ఇరవయ్యారు రోజులకు తిప్పయ్యకు బెయిలొచ్చింది. బెయిలంటే విచారణ జరిగేదాకా బయట ఉండమనడం. ఊళ్ళో మాత్రం కేసు కొట్టేశారని, ఎవరికో దుడ్లు ముట్టాయని చెప్పుకున్నారు. వాడి తమ్ముడు ఒక్కడే కాచుకోలేక నలభై జీవాలు చచ్చాయి, కొన్ని అమ్ముకున్నారు. మిగిలిన మందను తోలుకుని ఏ ఊరు వెళ్ళినా రైతులు ఫోను తీసి వీడియో చూసుకుని, "మా చేన్లో వద్దులే పోప్పా" అన్నారు. మంద పెట్టనివ్వకపోతే కాపరికి గింజల్లేవు, జీవాలకు మేపు లేదు. శిక్ష పడితే జైలు, పడకపోయినా ఇదీ బతుకు.

కోర్టుకు కొత్తగా వచ్చిన మేజిస్ట్రేట్ గారు పనిలో చురుకు. కేసు ఆరు నెలల్లోనే విచారణకొచ్చింది. లాయరును పెట్టుకునే స్తోమత లేదని తిప్పయ్యకు ప్రభుత్వమే త్రివేణి అనే లాయరమ్మను ఇచ్చింది. చిన్న వయసు, గట్టి పిల్ల. "ఆ సాయంత్రం యాడుండావు?" అని అడిగితే తిప్పయ్య, "నల్లప్పన్న చేన్లో. ఇద్దరమూ కలిసే చంద్రున్ని చూసినాము. ఆయప్ప కాళ్ళకు మొక్కినా, ఓళిగ పెట్టినాడు" అన్నాడట. ఓళిగంటే మావైపు బొబ్బట్టు. ఆ మాట వాడు స్టేషన్‌లో మొదటిరోజే చెప్పాడు. ఎవరూ రాసుకోలేదు. త్రివేణి కోర్టులో అర్జీ పెట్టి నల్లప్పకు సాక్షిగా సమన్లు తీయించింది. ఆ కాగితం నా చేతికొచ్చింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నల్లప్ప అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూసి ఫోను కింద పెట్టాడు. కాగితం చాచాను. అతను నా చేతివైపు చూసి, రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు.

"నీ మీద కేసు కాదప్పా. సాక్షివి. చూసింది చెప్పిరావడమే."

"సాక్షే సార్. అట్లనే మొదలుపెడ్తారు. మొదట సాక్షి, మళ్ళ బోనులో నిలబెట్టి నాలుగు ప్రశ్నలేస్తారు, ఆఖర్న వీడే దొంగ అంటారు. నేను చూడలేదనుకుంటాండావా?"

"యాడ చూసినావు?"

"వారానికి మూడు దినాలు వస్తాది టీవీలో."

నాకు ఒళ్ళు మండింది. సాక్షిగా పిలిచిన మనిషిని అదే రోజు దొంగను చేసి పంపే కోర్టు ఈ దేశంలో లేదని చెప్పాను. అతను చెవిన వేసుకోలేదు. పైగా గొంతు తగ్గించి అడిగాడు.

"నాకొక మాట చెప్పు సార్. వాన్ని పట్టుకున్నది మీరు. వాని తరపున సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచేదీ మీరే. దీంట్లో మతలబు ఏముండాది?"

నిజం చెప్పాలంటే అది బుర్ర ఉన్నవాడి ప్రశ్నే. పిలుస్తున్నది కోర్టు, నేను మోసేవాణ్ణి అని చెప్పాను గానీ నా మాట నాకే పేలవంగా వినిపించింది. అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఎవరో ఇతని నోరు కట్టేశారేమో అనుకుంటూ నేను బండి తీశాను.

స్టేషన్‌లో మా పైఅధికారి నవ్వాడు. "అది వాళ్ళ సాక్షి రామాంజనేయులూ. నీకెందుకంత అవస్థ? ఊళ్ళో లేడని రాసెయ్. ఎవరడుగుతారు?"

రాసేస్తే పని అయిపోయేది. నేనలా రాసిన కాగితాలు లేవని చెప్పను. కానీ ఈ కాగితం సంచిలో ఉన్నన్ని రోజులూ ఆ వీడియో గుర్తొచ్చింది. ఎవరూ లేనప్పుడు ఫోనులో పెట్టుకుని చూసుకునేవాణ్ణి. ప్రతిసారీ ఆ చెయ్యి కొడవలిని ఎత్తుతుంది. దించదు, అక్కడే ఆగిపోతుంది. నాకు సిగ్గేసేది.

రెండోసారి వెళ్ళేసరికి నల్లప్ప లేడు. అతని భార్య ఓబులమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"ఆయప్ప లేడన్నా. రాప్తాడుకు పోయినాడు."

"ఇంట్లో పెద్దవాళ్ళు తీసుకున్నా చెల్లుతుందమ్మా. నువ్వు సంతకం పెట్టు."

చేట పక్కన పెట్టి ఆమె చేతులు కొంగులో చుట్టేసుకుంది. "నేను ముట్టను. నువ్వు కావాలంటే కొట్టు, నేను ముట్టను."

"అయితే తలుపుకు అంటించి పోతాను. అదీ చెల్లుతుంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తలుపుకు కాగితం అంటించారంటే ఇల్లు జప్తు చేసినట్టేనని వాళ్ళ లెక్క. "వద్దన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఇల్లు ముయ్యొద్దు" అని ఏడ్చింది. ఎంత చెప్పినా నమ్మలేదు. అంటించకుండానే తిరిగొచ్చాను. వచ్చేటప్పుడు ఆమె వెనక నుంచి ఒక మాట అంది. "ఆ పిల్లోడు మంచోడేనన్నా. ఓళిగ తిని ఆకు కూడా వాడే ఎత్తి పారేసినాడు. కానీ ఈయప్పకు దినామూ ఆ వీడియో చూసి చూసి మనసు తిరిగిపోయింది."

మూడోసారి నేరుగా చేనుకే వెళ్ళాను. శెనక్కాయ పీకుతున్న రోజులు. ఆ ఏడాది ఒక్కటే మంచి వాన, అది కూడా అదను తప్పి. చేనంతా చెట్లు మోకాలికి సగం కూడా లేవు. పడమర వైపు అరెకరం మాత్రం ముదురు పచ్చగా, ఒత్తుగా ఉంది. అక్కడే నల్లప్ప ఒంగి పీకుతున్నాడు.

"ఈడ మాత్రం బాగుండాదే" అన్నాను.

"మంద పెట్టిన జాగా సార్. వాని గొర్రెలు ఐదు దినాలు ఈడనే పండుకున్నాయి." చెప్పేశాక నాలుక కరుచుకున్నాడు.

"అయితే వాడు ఈడే ఉన్నాడు. చంద్రుణ్ణి కూడా ఈడనుంచే చూశారు."

అతను చెట్టు మన్ను దులిపి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు. "అదే సార్ నా అనుమానం. అంత పొద్దు నాతోనే ఎందుకు ఉండాల వాడు? కాళ్ళకు ఎందుకు మొక్కల్ల? తెలివైనోడు పని వేరేవాళ్ళకు అప్పజెప్పి, తాను మర్యాదస్తుని పక్కన కూర్చుంటాడంట. ముఠా అని చెప్పినారు కదా. నన్ను అడ్డం పెట్టుకున్నాడేమో అని రోజూ ఇదే యోచన."

కాళ్ళకు మొక్కడం మన ఆచారం. ఈ మనిషి తన చేత్తో వాడికి ఓళిగ పెట్టాడు, దీవించాడు. కళ్ళారా చూసిందాన్ని ఫోనులో చూసినదాని ముందు తాకట్టు పెట్టేశాడు. కోపం పట్టలేక అరిచాను.

"చూడు నల్లప్పా. ఈసారి తీసుకోకపోతే నేను రాసేది ఒక్కటే, తీసుకోనన్నాడని. అప్పుడు కోర్టు వారెంటు పంపుతుంది. వారెంటు అంటే పిలుపు కాదు, పట్టుకుపోవడం. నీ టీవీలో అదెలా ఉంటుందో నువ్వే చూసుకో."

వారెంటు అనే మాట పనిచేసింది. ముందు పంచెకు చేతులు తుడుచుకున్నాడు, తర్వాత తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఆఖరికి ఎర్రమన్ను అంటిన వేళ్ళతోనే సంతకం పెట్టాడు. మెప్పించి తీసుకున్న సంతకం కాదది, బెదిరించి తీసుకున్నది. అయినా నాకు సంతోషం వేసింది.

కోర్టు రోజున నల్లప్ప తెల్లచొక్కా వేసుకుని, ఓబులమ్మను తోడు పెట్టుకుని వచ్చాడు. వరండాలో నా పక్కన నిలబడి లోపలికి తొంగిచూశాడు.

"సుత్తి యాడ సార్?"

"ఏ సుత్తి?"

"జడ్జి గారు కొట్టేది."

మన కోర్టుల్లో సుత్తి ఉండదని చెప్పాను. నమ్మలేదు, బల్ల కింద పెట్టుకుని ఉంటారన్నట్టు చూశాడు. పుస్తకం మీద చెయ్యి పెట్టమంటారని ఉదయం నుంచి ఒక్కపొద్దున్నాడట. పుస్తకమూ లేదు. దేవుని మీద ప్రమాణం చేసి నిజమే చెబుతానని అనమన్నారు, అన్నాడు. అక్కడ ఎవరూ అరవలేదు. ఫ్యాను చప్పుడు, టైపు చప్పుడు. తిప్పయ్య ఒక మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు.

త్రివేణి అడిగింది. నల్లప్ప చూసింది చూసినట్టు చెప్పాడు. మంద ఏ రోజు వచ్చింది, ఆ సాయంత్రం తాను ఎన్ని ఓళిగలు తీసుకుపోయాడు, మబ్బు ఎటు విడింది, నెలవంకను ముందు ఎవరు చూశారు. ముందు చూసింది తిప్పయ్యట. "అదిగో అన్నా, కొండ నెత్తిన" అని చూపించాడట. చెబుతున్నప్పుడు నల్లప్ప గొంతులో అరుగు మీది తీర్పరి లేడు. ఉత్త రైతు మాట్లాడాడు.

ప్రభుత్వ వకీలు లేచాడు. "ఎన్ని గంటలైందో గడియారం చూశారా?"

"గడియారం యాల సార్? చంద్రుడు కనపడి, మేము మొక్కి, వాడు తినేతలికి మునిగిపోయినాడు. ఆ పొద్దు ఎవురినైనా అడగండి, ఎంతసేపుండాడో."

"ఆరు నెలలు ఈ సంగతి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

నల్లప్ప తలతిప్పి నన్ను చూశాడు. "నన్నెవరూ అడగలేదు సార్."

అంతే. పావుగంట కూడా పట్టలేదు. మేజిస్ట్రేట్ గారు చెప్పింది టైపు చేశారు, చదివి వినిపించారు, సంతకం పెట్టి దిగిపొమ్మన్నారు. బయటికొచ్చి నల్లప్ప కాసేపు దిక్కులు చూశాడు. "ఇంతేనా సార్?" అన్నాడు. ఆఖరి మలుపు ఏదో మిగిలిపోయిందని అతని ఉద్దేశం.

సంక్రాంతి దాటాక తీర్పొచ్చింది. తిప్పయ్య నేరం చేసినట్టు రుజువు కాలేదని కేసు కొట్టేశారు. ఆ రోజు మైకు తీసుకుని ఎవరూ రాలేదు. నేనే ఆ ఛానలాయనకు ఫోన్ చేశాను. పాత వీడియో తీసేయమని, తీర్పు సంగతి వేయమని అడిగాను. "దొంగ దొరికితే చూస్తారు గానీ, దొంగ కాదంటే ఎవరు చూస్తారన్నా" అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అదే నెలలో నేను రిటైరయ్యాను.

ఈ ఉగాదికి వారం ముందు తిప్పయ్య రాయదుర్గంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, యాభై జీవాలు మిగిలినాయి. ఏ ఊర్లోనూ మంద పెట్టనీలేదు. కోర్టు కాగితం చూపిస్తే, సాక్ష్యం లేక వదిలినారులే అంటాండారు. నల్లప్పన్న ఒక్కడు పెట్టనిస్తే అందరూ పెట్టనిస్తారు. ఆయప్పకు ఒక మాట చెప్పు సార్."

నేను అనుమానం లేకుండా చేసిన పని జీవితంలో ఇదొక్కటే. వెంటనే బండి తీశాను. కోర్టులో నిలబడి చెప్పిన మనిషి, పైరు బాగున్నది మంద పెట్టిన చోటేనని తన నోటితోనే అన్న మనిషి, కాదంటాడని నాకు తోచలేదు.

నల్లప్ప అరుగు మీద మంచినీళ్ళిచ్చాడు, యోగక్షేమాలడిగాడు. తిప్పయ్య మంద సంగతి ఎత్తగానే చెంబు పక్కన పెట్టాడు.

"వద్దులే సార్."

"ఏం? నీ కళ్ళతో చూసింది నువ్వే కదా. ప్రమాణం చేసి చెప్పింది నువ్వే కదా."

"కోర్టులో చూసింది చెప్పమన్నారు. చూసింది చెప్పినా. నమ్మింది చెప్పమని ఎవరూ అడగలేదే."

"ఇంకా ఏం నమ్మాలి? కోర్టు కూడా కొట్టేసింది."

అతను ఫోను తీశాడు. వెతకనక్కర్లేదు, దాచిపెట్టుకున్నాడు. వీడియో నా ముందు పెట్టాడు. "ఇది ఇంకా ఉండాది సార్. వాడు దొంగ కాకుంటే తీసేయరా?"

నేను తీసేయమని అడిగాను, వాళ్ళు తీయలేదు అన్నాను. ఆ ఛానలాయనకు కోర్టు కంటే ఎక్కువ తెలుసా అన్నాను. నల్లప్ప తల అడ్డంగా ఊపాడు.

"ఆ మైకాయన మాట పోనీ సార్, వాడు దుడ్ల కోసం అరుస్తాడు. నేను నమ్మింది దీన్ని." వేలితో వీడియోను ఆపాడు. తెరమీద కొడవలి, దాన్ని ఎత్తి పట్టుకున్న చెయ్యి, చెయ్యి మీద తేలు. "నువ్వు సమన్లు చాపిన మొదటి దినమే గుర్తుపట్టినా. అందుకే తీసుకోలేదు. టీవీ అబద్ధం చెప్పొచ్చు, నా కండ్లు మోసపోవచ్చు. నీ మాదిరి మనిషి, ముప్ఫై ఏండ్ల పోలీసు, తప్పని తెలిసి ఎత్తుతాడా సార్?"

అతను నన్ను ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. తెలిసే ఎత్తానని చెప్పడానికి నోరు తెరిచాను. ఓబులమ్మ గుమ్మంలోకి వచ్చి నావైపే చూస్తోంది. నేను చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కుని, వస్తాను అని చెప్పి లేచాను.

ఊరి బయట దారిమీద తిప్పయ్య మందతో ఎదురుచూస్తున్నాడు. నా ముఖం చూశాడు. కొడవలి కర్ర భుజాన వేసుకుని, జీవాలను నల్లప్ప చేను పక్కనుంచి ముందుకు తోలుకుపోయాడు.